ఆ గీత గీయించండి, కలెక్టర్ గారూ

ఉభయ తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు,



ఆర్టీసీ డిపోలో ముప్పైమూడేళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయినవాణ్ణి. మాది రాయలసీమ. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి కిందటి దసరా సెలవులకు పాపను తీసుకుని వచ్చింది. పాపకు అప్పటికి రెండేళ్ల నాలుగు నెలలు. ఊళ్లో ఎగ్జిబిషన్ పెట్టారంటే సాయంత్రం అందరం బయల్దేరాం. ఆ సాయంత్రం ఏం జరిగిందో చెప్పి, మీ చేతిలో ఉన్న పని ఒకటి అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ జిల్లాలో ఏ మైదానంలో రాట్నం తిరగాలన్నా ముందు ఆఫీసుల్లో ఒక ఫైలు తిరగాలి. నేను అడిగేది ఆ ఫైలులో చేర్చాల్సిన రెండు మూడు మాటల గురించి.

ఢిల్లీ అప్పడం తిన్నాం, పీచు మిఠాయి కొన్నాం, గాజుల కొట్ల మధ్య రెండుసార్లు తిరిగాం. పాప రంగుల రాట్నం మీద తెల్లగుర్రం ఎక్కి నాకు చెయ్యి ఊపింది. దిగనంటే మళ్లీ ఎక్కించాం. అంతవరకు బాగుంది. ఆ పక్కనే కొలంబస్. పడవ అటూ ఇటూ ఊగుతుంటే పైనున్న కుర్రకారు కేకలు. మా అల్లుడికి సరదా పుట్టింది. "పాపను ఎక్కించొచ్చా తమ్ముడూ?" అని గేటు దగ్గరి అబ్బాయిని అడిగాడు. ఆ అబ్బాయికి పద్దెనిమిదేళ్లు ఉంటాయో ఉండవో. పాప వంక చూశాడు, వెనకున్న జనం వంక చూశాడు. "ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకోండన్నా" అన్నాడు. పాపకు టికెట్ అడగలేదు.

నేనూ వద్దనలేదు. సంచీ పట్టుకుని కింద నిలబడ్డాను. ముప్పైమూడేళ్లు నట్లూ బోల్టులూ చూసినవాణ్ణి, ఆ ఒక్క మాట అనకపోవడం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

సీట్ల ముందు ఇనుప కడ్డీ దించారు. అది మా అల్లుడి పొట్టకు తగిలి ఆగిపోయింది. ఆయన ఒళ్లో కూర్చున్న పాప మోకాళ్లకూ ఆ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ ఉండడం కింద నుంచే కనిపించింది. మొదటి రెండు ఊపులకు పాప నవ్వింది. మూడో ఊపుకు నవ్వు ఆగింది. నాలుగో ఊపుకు నోరు తెరిచే ఉంది, గొంతు బయటికి రాలేదు. పడవ పైకి లేచినప్పుడల్లా ఆ ఖాళీలోకి కొంచెం కొంచెం జారుతోంది. ఒక కాలి చెప్పు ఊడి నా ముందు పడింది. "ఆపు! ఆపు!" అని అరిచాను. స్పీకర్ల మోతలో నా అరుపు నాకే వినపడలేదు. పరిగెత్తి ఆ అబ్బాయి భుజం పట్టుకుని ఊపితే తేరుకుని లివర్ లాగాడు.

అంతమాత్రాన పడవ ఆగదు. కింద మోటారుకు బిగించిన టైరు పడవ అడుగును రాసుకుంటూ తోస్తుంది, దాంతో ఊపు వస్తుంది. ఆపాలన్నా ఆ టైరుతోనే రాపిడి పెట్టి మెల్లగా ఊపు తగ్గించాలి. పడవ నిలబడేలోపు ఎన్ని ఊపులు ఊగిందో లెక్కపెట్టలేకపోయాను. దిగేసరికి అల్లుడి ముంజేతి మీద పాప గోళ్లు దిగిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. ఆయన చేతులు వణుకుతున్నాయి. పాపకు దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. కానీ ఇంట్లో చీర ఉయ్యాలలో వేస్తే తప్ప నిద్రపోని పిల్ల, ఆ రాత్రి ఉయ్యాల చూడగానే తల్లి మెడ పట్టుకుని కిందకు దిగలేదు. ఉన్నన్నాళ్లూ మళ్లీ ఉయ్యాల ఎక్కలేదు.

ఎవరిది తప్పు అంటారా? అల్లుడిది, నాది, ఆ అబ్బాయిది, యజమానిది, అందరిదీ ఉంది. నేను పంచాయితీ కోసం రాయడంలేదు. నాకు తెలిసిన యంత్రం పని చెబుతాను, వినండి.

మా పాప బరువు పన్నెండు కిలోలు. కొలంబస్ బాగా ఊపందుకుని వాలిన గోడలా పైకి లేచి మళ్లీ కిందికి దూసుకొచ్చేటప్పుడు, అడుగుకు వచ్చేసరికి మనిషి బరువు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అంటే మా అల్లుడి చేతుల్లో ఆ క్షణాన ఇరవైనాలుగు కిలోల పిల్ల ఉంది. మళ్లీ పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగినప్పుడు సగం బరువే ఉంటుంది, తేలిపోతుంది. జారేది అప్పుడే. కొన్ని క్షణాలకొకసారి ఇరవైనాలుగు, ఆరు, ఇరవైనాలుగు, ఆరు. ఏ తండ్రి చేతులు ఎంత గట్టివైనా ఇలాంటి బరువుకు తయారైనవి కావు. "గట్టిగా పట్టుకోండి" అన్నది ఆ పరిస్థితిలో జాగ్రత్త కాదు. కడ్డీ చేయాల్సిన పనిని చేతుల మీదికి నెట్టడం.

కడ్డీ సంగతీ అంతే. పెద్దమనిషి తొడను నొక్కి పట్టేలా దాన్ని చేశారు. ఇద్దరు పక్కపక్కన కూర్చున్నప్పుడు అది లావు మనిషి దగ్గరే ఆగుతుంది. పక్కనున్న చిన్నపిల్లకు అది ఉన్నా లేనట్టే. అందుకే రైడ్ తయారుచేసేవాళ్లు ఇంత ఎత్తు లేనివాళ్లు ఎక్కకూడదని కొలత పెడతారు. వయసు కాదు, ఎత్తు. కడ్డీకి వయసు తెలియదు. పైగా చెప్పిన వయసును నమ్మలేం, ఇది మా కండక్టర్లు రోజూ చూసే సంగతే. బస్సులో ఐదేళ్లలోపు టికెట్ లేదు, పన్నెండేళ్ల దాకా అరటికెట్. అందుకని బస్సులో పిల్లల వయసు తగ్గించి చెబుతారు. రైడ్ దగ్గర అదే అమ్మానాన్నలు వయసు పెంచి చెబుతారు. గోడ మీద గీసిన గీత దగ్గర ఎవరూ ఏమీ పెంచలేరు, తగ్గించలేరు.

మా వియ్యంకులు పెద్దకొడుకు దగ్గరికి ఫ్లోరిడా వెళ్లినప్పుడు అక్కడి డిస్నీ వరల్డ్ చూసి వచ్చారు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అని ఒకటి ఉందట, పిల్లలూ పెద్దలూ కలిసి ఎక్కే రకం. దానికి 38 అంగుళాలు ఉండాలి, అంటే 97 సెంటీమీటర్లు. మా పాప 88. కుటుంబాల కోసమే చేసిన ఆ బండి కూడా మా పాపకు కాదన్నమాట. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అని నెమ్మదిగా నీళ్లలో సాగే పడవ ఒకటుంది, దానికి మాత్రం ఎత్తుతో పనిలేదు, చంటిపిల్లలూ ఎక్కుతారు. ఇంకో పద్ధతి చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. పెద్ద రైడ్ దగ్గర అమ్మ పిల్లతో బయట ఉంటుంది, నాన్న ఎక్కి వస్తాడు. ఆయన దిగాక ఆమె మళ్లీ మొదటి నుంచి ఆ పొడుగాటి క్యూలో నిలబడక్కర్లేదు, నేరుగా వెళ్లి ఎక్కుతుంది. రైడర్ స్విచ్ అంటారట. పిల్లను ఎవరికి అప్పగించాలో తెలియక ఒళ్లో పెట్టుకుని ఎక్కే అవసరం దాంతో తప్పిపోతుంది. పైసా ఖర్చు లేని పని. మన ఎగ్జిబిషన్లో ఎందుకు పెట్టకూడదు?

రెండేళ్ల పిల్లను పెద్దవాళ్లకు చిన్న సైజు అనుకుంటాం. అక్కడే పొరపాటు. మనకు తల మొత్తం ఎత్తులో ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. ఈ వయసు పిల్లలకు అది దాదాపు ఐదో వంతు. అంత తలను మోసే మెడ కండరాలు ఇంకా గట్టిపడి ఉండవు, ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు వదులుగా ఉంటాయి. రైడ్ ఒక్కసారిగా పక్కకు లాగినప్పుడు మనం ముందే పసిగట్టి మెడ బిగిస్తాం. పిల్లకు ఆ లాగుడు ఎటు నుంచి వస్తుందో తెలియదు. బ్రేక్‌డాన్స్ లాంటివి చూడండి, గిరగిరా తిప్పి ఒక్క కుదుపుతో అటు తోస్తాయి. దాంట్లో పసిపిల్ల తల ఎలా ఊగుతుందో ఒక్కసారి ఊహించుకోండి. పైగా నొప్పి పుడితే ఎక్కడని చెప్పే మాటలు కూడా ఆ పిల్లకు ఇంకా రాలేదు. నోరు తెరిచి, గొంతు రాక, అలా ఉండిపోతుంది. నేను చూశాను.

పసిపిల్లకు దెబ్బ తగలడానికి రైడ్లే అక్కర్లేదు, జారుడుబల్ల చాలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. మన మున్సిపల్ పార్కులన్నిటిలో అది ఉంది, పైగా దాన్ని చూసి ఎవరూ భయపడరు. మా వీధిలో ఒక బాబు, ఏడాదిన్నర వాడు. వాళ్లమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని పార్కులో జారుడుబల్ల మీద జారింది. సగం దారిలో బాబు బూటు రబ్బరు అడుగు బల్ల అంచుకు పట్టుకుంది. కాలు అక్కడే ఆగింది, వాళ్లమ్మ బరువుతో ఒళ్లు మాత్రం కిందికి పోయింది. మోకాలి కింద ఎముక మెలిపడి చిట్లింది. వాపు కూడా పెద్దగా లేదు. కాలు నేల మీద పెట్టనంటున్నాడని మర్నాడు ఆసుపత్రికి తీసుకెళితే ఎక్స్‌రేలో సన్నటి గీత కనబడింది. టాడ్లర్స్ ఫ్రాక్చర్ అంటారు దీన్ని. అమ్మో నాన్నో ఒళ్లో పెట్టుకుని జారడం వల్ల ఇలా కావడం ఎముకల డాక్టర్లు తరచూ చూసే సంగతే. అదే బాబు ఒంటరిగా జారి ఉంటే, కాలు పట్టుకున్నా వాడి పది కిలోలకు ఎముక విరిగేంత బలం ఉండదు, ఆగిపోయేవాడు. కాపాడదామని ఒళ్లోకి తీసుకున్న తల్లి బరువే ఆ కాలిని విరిచింది. ఆ తల్లి ఎన్నాళ్లు ఏడ్చిందో మా వీధికి తెలుసు. ఆమెకు ఎవరు చెప్పారు? ఆ జారుడుబల్ల పక్కన "చిన్నపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకండి" అని తెలుగులో ఒక్క బోర్డు ఉంటే సరిపోయేది. ఆ పార్కు మున్సిపాలిటీది. కమిషనర్‌కు మీ మాట ఒక్కటి చాలు.

ఇక యంత్రాల సంగతి. 2018 మేలో అనంతపురం ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ ట్రాలీ ఊడి కింద పడింది. పదేళ్ల పాప చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. బోల్టు ఊడిపోతోందని ముందే చెప్పినా ఆపలేదని అక్కడున్నవాళ్లు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. బోల్టు చెప్పకుండా ఊడదు. ముందు వదులవుతుంది, తర్వాత శబ్దం చేస్తుంది, రంధ్రం చుట్టూ తుప్పు పొడి రాలుతుంది, అన్నీ అయ్యాకే ఊడుతుంది. చూసేవాడుంటే పది నిమిషాల్లో దొరుకుతుంది. 2019 జులైలో అహ్మదాబాద్ కంకారియా దగ్గర ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2022 సెప్టెంబరులో మొహాలీలో పైకి లేచిన రైడ్ ఒక్కసారిగా నేలకు కూలింది. ప్రతిసారీ తర్వాత కేసు, అరెస్టు, విచారణ. నేను అడిగేది వాటికి ముందు జరగాల్సిన పని.

మా డిపోలో రాత్రి బండి లోపలికి రాగానే డ్రైవరు లోపం చెప్పేవాడు. రాసుకునేవాళ్లం. సరిచేసి, సంతకం పెట్టాకే పొద్దున బండి గేటు దాటేది. సంతకం లేని బండిని గేటు దాటించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. రోడ్డు మీద తిరిగే ఆటోకి కూడా ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అదే, ఎఫ్‌సీ కావాలి. మరి లారీల్లో విడిభాగాలుగా వచ్చి, మైదానంలో రెండు మూడు రోజుల్లో బిగించి, నెలాపదిహేను రోజులు నడిపి, మళ్లీ విప్పుకుని ఇంకో ఊరు పోయే జెయింట్ వీల్‌కు ఆ బిగింపు ఎవరు చూశారు? పోయినసారి విప్పి మళ్లీ బిగించిన ప్రతి నట్టులో అది ఊడకుండా పట్టే స్ప్లిట్ పిన్ ఉందా, దాని బదులు తీగ చుట్టారా? పాపా అల్లుడూ కొలంబస్ దిగాక నేను వెనక్కు వెళ్లి చూశాను. ఒకచోట స్ప్లిట్ పిన్ ఉండాల్సిన బెజ్జంలో కరెంటు తీగ మెలిపెట్టి ఉంది. పాత తీగ కూడా కాదు, కొత్తగా మెరుస్తోంది. అంటే ఎవరో చూశారు, పిన్ లేదని గమనించారు, దొరికింది పెట్టారు. ఆ తీగ మెరుపు నాకు ఇంకా కళ్లముందే ఉంది.

ఎగ్జిబిషన్లు వద్దని నేను అనడంలేదు. హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్ 1938లో మొదలైంది. నాలుగు తరాలు అక్కడ వేడివేడి మిర్చి బజ్జీలు తిని రంగుల రాట్నం ఎక్కాయి. మన ఊళ్లల్లో వినోద పార్కులకు వేలు పెట్టలేని కుటుంబాలకు ఏడాదికొకసారి వచ్చే పండుగ ఈ మైదానమే. మా పాప తెల్లగుర్రం మీద నవ్విన నవ్వు నేను మరిచిపోలేను. పసిపిల్లలను తీసుకెళ్లాలి. ఎండ తగ్గాక, జనం పెరగకముందు తీసుకెళ్లాలి. పగటినిద్ర పోయి లేచాక తీసుకెళ్లాలి. నిద్రకు తూగుతున్న పిల్లకు ఏ రాట్నమైనా శిక్షే. ఫోన్ నంబరు చీటీ మీద రాసి గౌను లోపల పిన్నుతో పెట్టాలి. ఏ రైడ్ అయినా ఎక్కించేముందు ఒక చుట్టు తిరగడం పక్కనుంచి చూపించి, "ఎక్కుతావా అమ్మా?" అని అడగాలి. తల అడ్డంగా ఊపితే ఆ టికెట్ డబ్బులు పోయినా పర్వాలేదు. ఎక్కాక ఏడిస్తే అలవాటవుతుందిలే అనుకోకుండా ఆపమని అరవాలి.

ఇక ఆ గేటు దగ్గరి అబ్బాయి. నా కోపమంతా మొదట వాడి మీదే ఉండింది. ఇంటికొచ్చాక ఆలోచించాను. రోజు కూలికి వచ్చినవాడు. పొద్దుపోయేదాకా అదే మోతలో నిలబడి లివర్ లాగుతాడు. వాడి ముందు ఇంటిపెద్ద, పక్కన బంధువులు, వెనక రెండొందల మంది. "మేమున్నాం కదా, ఏం కాదులే, ఎక్కించు" అంటే వాడు ఏం చెప్పగలడు? ఎక్కించనంటే గొడవ. గొడవైతే యజమాని వాడినే తిడతాడు. వాడికి వద్దు అనే అధికారం ఎవరూ ఇవ్వలేదు. బెంగళూరు దగ్గర ఒక పెద్ద పార్కులో మా అమ్మాయికి ఇదే జరిగితే, అక్కడి అమ్మాయి నవ్వుతూనే పాపను బోర్డు దగ్గర నిలబెట్టి, "గీత కిందే ఉంది మేడమ్" అంది. మా అమ్మాయి ఒక్క మాట అనలేదు. ఎవరితో గొడవ పడుతుంది, గీతతోనా?

మీరు ఇవ్వాల్సింది ఆ గీత. అనుమతి కాగితంలో షరతులు రాస్తారు. అగ్నిమాపక శాఖ, కరెంటు, పార్కింగ్, రాత్రి ఎన్నింటికి ఆపాలి, అన్నీ ఉంటాయి. వాటితోపాటు, ప్రతి రైడ్ గేటు దగ్గర ఎత్తు కొలిచే స్తంభం ఉండాలని రాయండి. దాని మీద తయారీదారు పెట్టిన కొలత దగ్గర ఎర్రగీత, "ఈ గీత అందని పిల్లలను, ఒళ్లో పెట్టుకుని కూడా, ఎక్కించకూడదు" అని తెలుగులో, చదువు తక్కువ ఉన్నవాళ్లకూ అర్థమయ్యే బొమ్మతో. కింద "జిల్లా కలెక్టర్ ఉత్తర్వు" అని రాయించండి. ఆ ఒక్క మాట ఆ అబ్బాయి వెనక పోలీసులా నిలబడుతుంది. రోజూ సాయంత్రం గేటు తెరిచేముందు రైడ్లన్నీ ఖాళీగా నడిపి, నట్లు చూసి, చూసినవాడు సంతకం పెట్టిన పుస్తకం గేటు దగ్గరే వేలాడదీయమనండి. నాలాంటి రిటైర్డ్ మెకానిక్‌లు ప్రతి డిపో ఊళ్లోనూ ఉన్నారు. పిలిస్తే ఊరికే వచ్చి చూస్తాం. గీత అందని పిల్లల టికెట్ డబ్బులు వెనక్కివ్వమనండి. అది లేకపోతే కొన్న టికెట్ దండగవుతుందని ఎలాగైనా ఎక్కిస్తారు. పసిపిల్లల కోసం స్పీకర్లకు దూరంగా ఒక మూల కేటాయించమనండి. నెమ్మదిగా తిరిగే గుర్రాలు, నేలకు దగ్గరగా ఉండేవి, నాలుగు చాలు.

ఇవన్నీ రాయడానికి మీకు అర పేజీ పడుతుంది.

మా ఇంటి తలుపు చట్రం మీద పాప ఎత్తును పెన్సిల్‌తో గీసుకుంటూ వస్తున్నాం. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కొలిచాను, 91 సెంటీమీటర్లు. ఉయ్యాల ఇంకా ఎక్కలేదు. వచ్చే దసరాకు మళ్లీ అదే మైదానానికి వెళదామని అంటోంది, తెల్లగుర్రం కోసం. ఆ ఎగ్జిబిషన్ ఫైలు అంతకుముందే మీ టేబుల్ మీదికి వస్తుంది. సంతకం పెట్టేముందు "ఎత్తు గీత ఉందా?" అని ఒక్కసారి అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ మెకానిక్, ఒక మనవరాలి తాత